దూది మబ్బుల చాచా

మెదక్‌లో మా వీధి మలుపున చాయ్ అమ్మే చాచా ప్రతి సోమవారం ఫోన్‌లో వారం వాతావరణం చూసి, ఆపైన కనుబొమల మీద చెయ్యి అడ్డం పెట్టి ఆకాశాన్నీ చూసేవాడు. "గివి దూది మబ్బులు, వాన రాదు. బేఫికర్‌గ ఉండుండ్రి" అనేవాడు.

ఒక యాసంగి కోతలప్పుడు ఆ మాట నమ్మి రైతులు రోడ్డు మీద ఆరబోసిన వడ్లు వానకు తడిసి ముద్దయ్యాయి. ఎవరూ తిట్టలేదు. మరుసటి సోమవారమూ వచ్చి "గీ వారమెట్లుంటది చాచా?" అనే అడిగారు.

ఆయన తల వంచుకునే, తన చాయ్ హోటల్‌కు నీడగా కట్టిన టార్పాలిన్ విప్పి వాళ్ల చేతికిచ్చాడు. "గిది తీస్కపోయి వడ్ల మీద కప్పుండ్రి. నన్నేం అడగకుండ్రి."

ఆ రోజు చినుకు పడలేదు. మండే ఎండలో చాయ్ మరిగిస్తూ, అలవాటుగా కనుబొమల మీద చెయ్యి పెట్టాడు. నేను చూస్తున్నానని గమనించి, ఆ చేత్తోనే చెమట తుడుచుకున్నాడు.