ర్యామ్‌కు పెట్టిన బొట్టు

దసరా మరునాడు దమ్మపేటలో మా ఇంట్లో నా ఉద్యోగం వేలెడంత ర్యామ్ ముక్క దగ్గర ఆగిపోయింది. ఇంటి నుంచే వీడియోలు ఎడిట్ చేసే పని. దొరికితే అమ్మానాన్నల దగ్గరే ఉంటాను, లేదంటే మళ్లీ హైదరాబాద్ హాస్టల్, ఆ నీళ్ల సాంబారు. కంప్యూటర్‌లో పదహారు జీబీ ర్యామ్ ఉండాలని కంపెనీ షరతు. సాయంత్రం మేనేజర్ మేడమ్ ఆన్‌లైన్‌లో చూసి ఖాయం చేస్తానంది. ఉన్న ఎనిమిదికి తోడు ఇంకో ఎనిమిది పండుగకు ముందే సత్తుపల్లిలో కొని, ఆ పొద్దున బిగించాను. ఆ మహాతల్లి కంప్యూటర్ మాత్రం ఎనిమిదే అంటుంది.

ఆపి మళ్లీ వేశాను. ముక్కల చోట్లు మార్చాను. పాతది ఎక్కడ పెట్టినా పనిచేస్తోంది, కొత్తది ఉలకదు పలకదు. మా నాన్న పామాయిల్ గెలలు అమ్మే మనిషి. లోకంలో ఏ తేడా వచ్చినా కాంటాదే తప్పంటాడు.

"తూకంల కొట్టిండు. సత్తుపల్లి షాపాయన నంబరియ్యి."

"ఇది కిలోల లెక్క కాదు నాన్నా."

"ఏదైతే ఏంది, తూకం తూకమే."

కాసేపటికి వాకిట్లోంచి, "లారీతోని తూచినవా, దించినంక తూచినవా?" అని నాన్న ఫోన్లో గద్దించడం వినిపించింది. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

కొత్త ముక్కను పీకి కిటికీ దగ్గర తిప్పి చూశాను. అంచున, కరెంటు అందుకునే మెరిసే బంగారు రంగు పళ్ల మీద పసుపు గంధంలా ఎండిపోయి ఉంది, నడుమ కుంకుమ చుక్క. అమ్మను పిలిచాను.

"అవ్, నేనే పెట్టిన," అంది నింపాదిగా. "ఆయుధపూజకు ట్రాక్టర్‌కు పెట్టినం, గెలల కొడవలికి పెట్టినం. ఇది కొత్తగ వచ్చింది, దీనికి వద్దా?"

"ఆ పళ్ల మీదనే ఎందుకమ్మా?"

"మెరుస్తుంటే అదే మొహం అనుకున్న."

రబ్బరు తీసుకుని తుడవబోతే చెయ్యి పట్టుకుంది. పండుగ తెల్లారి బొట్టు తుడుస్తారా అని. మేడమ్ ఫోన్ చేసే వేళవుతోంది, నాకు ఒళ్లు మండిపోతోంది. చివరికి అమ్మే దారి చూపింది. ర్యామ్‌ను పీట మీద పెట్టి, అక్షింతలు చల్లి, పీటను ఇంత జరిపి దానికి ఉద్వాసన చెప్పింది.

"ఇగ తుడువు. లోపలున్న తల్లి పోయింది."

రబ్బరుతో రుద్ది, మెత్తటి గుడ్డతో తుడిచి బిగించాను. పదహారు చూపించింది. మేడమ్ కూడా చూసింది, సోమవారం నుంచి చేరమంది.

షాపాయన భయపడి తూకం సరిచేశాడనే నాన్న నమ్మాడు. అమ్మ తలుపు దగ్గరే నిలబడి ఉంది.

"అయితే నువ్వు పట్నం పోవుడు లేదా?"

"లేదమ్మా."

"బొట్టు పెట్టేటప్పుడు అదే మొక్కిన," అంది, కొంగుతో కళ్లొత్తుకుంటూ. ఇందాక ఆమె మీద విసుక్కున్నందుకు సిగ్గేసి, కుంకుమ భరిణె ఆమె చేతికిచ్చి కంప్యూటర్ డబ్బా పైన బొట్టు పెట్టమన్నాను.