చక్రం లేని వాల్వు

మా ఆయన ఫిట్టర్. పటాన్‌చెరు దగ్గర ఒక మందుల కంపెనీలో పదిహేనేళ్లుగా పైపులూ వాల్వులే ఆయన లోకం. అలాంటి మనిషి ఉన్న ఇంట్లో వాష్ బేసిన్ కింద నీళ్లు కారుతున్నాయంటే ఎవరైనా నవ్వుతారు. కారాయి. వారం రోజులు కారాయి. గోడ దగ్గర్నుంచి బేసిన్‌కు నీళ్లు తెచ్చే సన్నటి కనెక్షన్ పైపు మెడ దగ్గర చుక్కలు పడుతుంటే, కింద స్టీలు గిన్నె పెట్టి నిండినప్పుడల్లా పారబోస్తూ వచ్చాను. ఎప్పుడడిగినా ఆయనది ఒకటే మాట, "ఐతారం సూస్త." ఆదివారం వచ్చిందీ, పోయిందీ. కంపెనీలో చుక్క కారితే పరిగెత్తుకెళ్లే మనిషికి ఇంట్లో కారేది కంటికి ఆనదు.

మేము చిట్కుల్‌లో ఒక మేడ మీద వాటాలో కిరాయికి ఉంటాం. రెండు గదులు, హాలు, వంటిల్లు. కింద వాటాలో ఒడిశా నుంచి వచ్చిన భార్యాభర్తలు. ఇద్దరూ కంపెనీలకు పోతారు, పగలంతా తాళమే. మా బేసిన్ హాల్లో ఒక మూలన ఉంది. హాలు పక్క గది అత్తమ్మది. ఇల్లు కట్టిన మేస్త్రీ పుణ్యమా అని హాల్లో ఒలికిన నీళ్లు బయటి తలుపు వైపు పోవు, తిన్నగా అత్తమ్మ గదిలోకే పోతాయి. ఇల్లు తుడిచేదాన్ని కనుక నాకది చేరిన రోజే తెలిసింది.

అత్తమ్మ రుద్రారం అవతల పల్లెలో మక్క చేలల్లో, అంటే మొక్కజొన్న చేలల్లో, బతుకంతా గడిపిన మనిషి. ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయని డాక్టరు చెప్పినప్పటి నుంచి ఆమె ముక్కుకు సన్న గొట్టం, ఆ గొట్టం చివర ఆక్సిజన్ ఇచ్చే మిషన్. అది కరెంటు మీద నడుస్తుంది. బాత్రూమ్‌కు వెళ్లొచ్చేంత సేపు తప్ప తీయవద్దన్నారు. మిషన్ వైరు చాలక ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు తెచ్చి మంచం కింద నేల మీద పెట్టాం. కరెంటు పోతే పనికొస్తుందని ఒక చిన్న సిలిండరు కూడా ఉండేది. అది అయిపోయింది. ఆ రోజు పొద్దున్నే నింపించుకొస్తానని మా ఆయన దాన్ని బండి మీద పెట్టుకుని పోయాడు.

ఇంకొక్క మాట కూడా చెప్పాలి. నేను ఇక్కడి ఒక ఫ్యాక్టరీ క్వార్టర్సులో పెరిగాను. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మాది ఇష్టపడి చేసుకున్న పెళ్లి. అత్తమ్మ నన్ను ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. కానీ ఎవరొచ్చినా "నా కొడుకు ఇల్లు" అనేది. నా కొడుకు ఇంట్ల ఫ్రిజ్జు, నా కొడుకు ఇంట్ల మంచం, నా కొడుకు ఇంట్ల చీపురు. ఆ చీపురు పట్టుకున్న చెయ్యి ఎవరిదో ఆమెకు పన్నెండేళ్లుగా కనపడలేదు. మొదట్లో నాకు ఒళ్లు మండేది. తర్వాత తర్వాత మండటం కూడా మానేసింది.

అప్పుడు వానాకాలం. ఆయన ఆరింటి షిఫ్టుకు వెళ్లిపోయాడు. ఎనిమిదింటికి చెత్త బండి వచ్చింది. నేను మెట్లు దిగేలోపు వెళ్లిపోయింది కూడా. అత్తమ్మ మంచం మీద నుంచే సణిగింది.

"నిన్న తిన్న మక్క బెండ్లు గట్లనే ఉన్నయి. ఈగలు ముసురుతయి పిల్లా."

ముందు రోజు సాయంత్రం హైవే పక్కన బండి మీద కాల్చిన మక్క కంకులు కొనుక్కొచ్చి తిన్నాం. గింజలు తినేశాక మిగిలిన ఆ బెండ్ల సంచీని వంటింటి తలుపు వెనక విసిరేసి నా పనిలో పడ్డాను.

పదింటికి మోటారు వేసి పైన ట్యాంకు నింపాను. మోటారు ఆపి లోపలికి వస్తుంటే హాల్లోంచి బుస్సుమని చప్పుడు. వారం రోజులుగా కారుతున్న కనెక్షన్ పైపు మెడ తెగిపోయింది. నీళ్లు గోడకు కొట్టుకుని హాలంతా చిమ్ముతున్నాయి.

నిజం చెప్పాలంటే మొదట నేను భయపడలేదు. బేసిన్ కింద గోడకు చిన్న యాంగిల్ కాక్ ఉంటుంది, దాన్ని కట్టేస్తే నీళ్లు ఆగిపోతాయి. ఫిట్టర్ పెళ్లాన్ని, ఆ మాత్రం తెలియదా? కానీ మా బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. కుళాయిని నాలుగు నెలలు తిప్పకపోతే తెల్లగా పేరుకుని బిగుసుకుపోతుంది. నేను దాన్ని పన్నెండు నెలలుగా ముట్టుకోలేదు. చీర కొంగు చుట్టి, బలమంతా పెట్టి తిప్పాను. టక్కుమంది. హమ్మయ్య, తిరిగిందనుకున్నాను. కాక్ తలకాయ ఊడి నా చేతిలోకి వచ్చింది. అది ఊడిన బొక్కలోంచి నీళ్లు ఈడ్చి నా మొహాన కొట్టాయి. ఇంతకుముందు కారింది సన్న పైపులోంచి. ఇప్పుడు బొటనవేలంత ధార.

అప్పుడు భయమేసింది. ఇక మిగిలింది డాబా మీద ట్యాంకు వాల్వు. దాన్ని కట్టేస్తే ఇంటి మొత్తానికి నీళ్లు ఆగిపోతాయి. తడి కాళ్లతో జారుకుంటూ పైకి పరిగెత్తాను.

వాల్వు ఉంది. దాన్ని తిప్పే చక్రం లేదు. చక్రం ఉండాల్సిన చోట నాలుగు పలకల ఇనుప కాడ, దానికి తీగతో కట్టిన ఎర్ర కార్డు. "ప్రమాదం. ముట్టరాదు. ఈ కార్డు కట్టిన వ్యక్తి మాత్రమే తీయవలెను." కింద మా ఆయన పేరు, గుండ్రంగా సంతకం.

అదేమిటో ఆ క్షణంలోనే గుర్తొచ్చింది. రెండు నెలల క్రితం కింది వాటా అతను తమ ట్యాంకు వాల్వు అనుకుని మాది కట్టేశాడు. ఆ సమయానికి అత్తమ్మ బాత్రూమ్‌లో ఒంటి నిండా సబ్బుతో ఉంది. గొట్టం తీసి వెళ్లిన మనిషి, నీళ్లు లేక ఆయాసపడుతూ అలాగే కూర్చుండిపోయింది. మా ఆయనకు ఎక్కడలేని కోపం వచ్చింది. కంపెనీలో ఒక పద్ధతి ఉంది. ఒక లైను మీద పని జరుగుతుంటే ఇంకెవరూ దాని వాల్వు తిప్పకుండా చక్రం తీసేసి కార్డు కడతారు. కట్టినవాడు తప్ప పెద్ద మేనేజరైనా దాన్ని ముట్టకూడదు. దాని వల్ల ఎన్ని ప్రాణాలు నిలిచాయో ఆయన చాలాసార్లు చెప్పాడు. ఆ పద్ధతినే తెచ్చి మా ట్యాంకుకు పెట్టాడు. నాకు చెప్పే ఉంటాడు, నేను కూర తాలింపు వేస్తూ ఊ కొట్టే ఉంటాను. చక్రం ఎక్కడ దాచాడో మాత్రం చెప్పలేదు.

కిందికి వచ్చి వంటింటి పటకారు తీసుకుని మళ్లీ పైకెక్కాను. ఇనుప కాడను పట్టి తిప్పితే పటకారే తిరిగింది. రెండోసారి జారి నా చేతి వేళ్లు కోసుకుపోయాయి. ఆయన పెద్ద పానాలన్నీ కంపెనీలోనే ఉంటాయి. ఆ ఎర్ర కార్డును నాలుగు తిట్లు తిట్టి, పీకి కొంగున దోపుకుని కిందికి దిగాను.

హాలు నిండా నీళ్లు. నీటి అంచు అత్తమ్మ గది గడప దాకా వచ్చింది. కంపెనీ గేటుకు ఫోన్ చేశాను. లోపల మందుల ఆవిర్లు ఉంటాయని ఫోన్లన్నీ గేటు దగ్గరే పెట్టించుకుంటారు.

"అన్నా, మా ఆయన్ని జెర పిలవండి. పైపు పగిలింది. అత్తమ్మకి ఆక్సిజన్ మిషన్ నడుస్తోంది, గదిలోకి నీళ్లొస్తున్నాయి."

"లైన్ల ఉండు అక్కా." లోపలెవరితోనో మాట్లాడాడు. ఆ కాసేపట్లో నీళ్లు గడప దాటాయి. "షట్‌డౌన్ పని నడుస్తుంది అక్కా. రియాక్టర్ ట్యాంకు లోపల దిగి ఉన్నడంట. బయటికి రాంగనే చెప్పిస్త. పరేషాన్ గాకు."

పరేషాన్ గాకు! ఫోన్ మంచం మీద పడేసి చూశాను. నీళ్లు మంచం కాళ్ల దగ్గరికి వచ్చేశాయి. వంగి చూసేసరికి ఎక్స్‌టెన్షన్ బోర్డు కింది అంచు తడిసింది. అందులోంచి చిటచిటమని సన్న చప్పుడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. కరెంటు ఉంచితే నేను తొక్కుతున్న నీళ్లలోకి వస్తుంది. తీసేస్తే అత్తమ్మకు గాలి లేదు.

తీసేశాను. బయటి తలుపు వెనక మెయిన్ స్విచ్ కిందికి లాగేశాను. ఫ్యాను ఆగింది. మిషన్ ఒక్కసారిగా కీచుమని అరవడం మొదలుపెట్టింది.

అత్తమ్మ అరవలేదు. మంచం మీద లేచి కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, పెదవులు సున్నాలా చుట్టి గాలి వదులుతోంది. వేలికి పెట్టిన ఆక్సిజన్ మీటరు ఎనభై తొమ్మిది చూపించింది. ఎనభై ఏడు. నేను బకెట్ తెస్తున్నాను, పడేస్తున్నాను, చీపురు తెస్తున్నాను. ఏం చేస్తున్నానో నాకే తెలియదు.

"మక్క..." అంది అత్తమ్మ.

మతి పోయిందనుకున్నాను. "ఇప్పుడు మక్కలేంటి అత్తమ్మా!" అని అరిచాను. అవును, ఊపిరాడని మనిషి మీద అరిచాను. దాచుకోవడం ఎందుకు?

ఆమె చెయ్యెత్తి ఆగమంది. ఒక ఊపిరి తీసుకుంది. "బెండు." ఇంకో ఊపిరి. "బొక్కల." ఇంకోటి. "కొట్టు."

మీటరు ఎనభై మూడు.

అప్పుడు వెలిగింది. చేలో బోరు పైపుకు మధ్య మధ్య ఉండే బొక్కల్ని వాళ్లు మక్క బెండ్లతోనే మూసేవాళ్లు. మడి తడిశాక బెండు కొట్టి, పక్క మడికి నీళ్లు పెట్టాలంటే పీకేవాళ్లు. ఆ ముచ్చట ఆమె ఎన్నోసార్లు చెప్పింది. అదీ నేను ఊ కొట్టిన వాటిలోదే.

వంటింటి తలుపు వెనక సంచీ చింపాను. ఒక బెండు కొన కత్తితో చెక్కి బొక్కలో పెట్టి పచ్చడి బండతో కొట్టాను. నీళ్లు దాన్ని బంతిలా నా ఛాతీ మీదికి విసిరాయి. అప్పుడు తట్టి, బాత్రూమ్‌లో, వంటింట్లో ఉన్న నల్లాలన్నీ పూర్తిగా విప్పేశాను. నీళ్లు అటు మోరీలోకి పోతే ఇటు ధార జోరు తగ్గుతుంది. ఆయన పాత లుంగీ చింపి, లావు బెండుకు గట్టిగా చుట్టి, మోకాళ్ల మీద కూర్చుని కొట్టాను. ఒకటి, రెండు, మూడు. ధార చీలి పక్కలకు చిమ్మింది. ఇంకా కొట్టాను. బెండు నీళ్లు పీల్చి ఉబ్బి, బొక్కను పట్టేసింది. ధార పోయి చుక్కలు మిగిలాయి, వారం రోజులుగా నాకు అలవాటైన చుక్కలే.

బోర్డును గోడ నుంచి పీకేసి, మిషన్‌ను వంటింట్లోకి మోసుకుపోయి, గట్టు మీద మిక్సీ పెట్టే చోట ప్లగ్గు పెట్టాను. అత్తమ్మను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి కుర్చీతో సహా ఈడ్చుకుపోయాను. పెదవులు నల్లబడ్డాయి. మీటరు డెబ్భై ఎనిమిది. మెయిన్ పైకి లేపాను. మిషన్ గుర్రుమంది.

డెబ్భై తొమ్మిది. ఎనభై రెండు. చాలాసేపు ఎనభై రెండు. ఎనభై ఆరు. తొంభై చూసేదాకా నేను ఆమె వేలు వదల్లేదు. చూశాక ఆ గట్టు కిందే చతికిలబడి ఏడ్చాను.

ఇప్పుడు ఆలోచిస్తే, కరెంటు తీయగానే ముందు మిషన్‌ను వంటింట్లోకి మార్చి ఉంటే ఆమెకు అంత యాతన ఉండేది కాదు. ఆ రోజు తట్టలేదు. ఆ తప్పు నన్ను ఇప్పటికీ పొడుస్తుంది.

కబురందుకుని పన్నెండు కాకముందే మా ఆయన వచ్చాడు, భుజాన నింపిన సిలిండరు, నెత్తిన తీయడం మరిచిపోయిన హెల్మెట్. తడి ఇల్లు చూశాడు, గోడలో లుంగీ చుట్టుకున్న బెండును చూశాడు.

"పైన వాల్వు కట్టెయ్యకపోయినవా?" అన్నాడు.

కొంగున దోపిన ఎర్ర కార్డు తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాని మీద తన సంతకం చూసుకున్నాడు. హెల్మెట్ తీసి, అన్నం డబ్బా సంచీలో చెయ్యి పెట్టి, అడుగు నుంచి చక్రం బయటికి తీశాడు. రెండు నెలలుగా అది రోజూ కంపెనీకి వెళ్లి వస్తోంది.

"ఇంట్ల పెడితె యాడన్న పోతదని..." అన్నాడు.

అత్తమ్మ కుర్చీలోంచి చెయ్యి చాపింది. తనకిమ్మంటోందనుకుని ఆయన దగ్గరికి వెళ్లాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"కంపెనీల నువ్వుంటవు," అంది. ఆగింది. "ఇంట్ల ఎవరుంటరు రా?" ఇంకా ఆగింది. "ఆమెకియ్యి."

ఇచ్చాడు. డాబా మీదికి నేనే వెళ్లాను. చక్రం బిగించి, నట్టు పెట్టి, తిప్పి కట్టేశాను. ఆ సాయంత్రం ఆయన కొత్త కాక్, కొత్త పైపు వేశాడు, ఐతారం కాకపోయినా. ఇప్పుడు నెలకోసారి ఇంట్లో కాక్‌లన్నీ, పైన వాల్వూ ఒకసారి కట్టి విప్పుతాను, ఉప్పు పట్టకుండా. రెండు ఎండు బెండ్లు లుంగీ గుడ్డ చుట్టి బేసిన్ పక్కన మేకుకు వేలాడదీశాను.

కొన్నాళ్లకు అత్తమ్మను చూడటానికి ఊరి నుంచి ఆమె చెల్లెలు వచ్చింది. చేతులు కడుక్కుంటూ ఆ బెండ్లను చూసి, ఏందిది, చెత్తల పారెయ్యక ఇక్కడ కట్టిండ్రేంది అంటూ తీయబోయింది. నేను వంటింట్లో అన్నం వారుస్తున్నాను. లోపలి గదిలోంచి అత్తమ్మ గొంతు వినిపించింది, ఊపిరికీ ఊపిరికీ మధ్య ఆగుతూ.

"ముట్టకు. అది నా కోడలి ఇంట్ల సామాను."