టచ్‌ప్యాడ్ మీద విబూది

ల్యాప్‌టాప్ మీద మూడు వేళ్లు ఆనించి పక్కకు జరిపినప్పుడల్లా నాకు మా నాన్న మీద కోపం వస్తుంది. ఇన్నేళ్లయినా పోలేదు. పోగొట్టుకోవాలని నేనూ పెద్దగా ప్రయత్నించలేదు.

నెల్లితోపులో మా ఇంటి ముందుగది ఎరువుల అంగడి. నాన్న, అన్న చూసుకునేవారు. వెనక గదిలో నేను బొమ్మలూ అక్షరాలూ అమర్చి పుస్తకాలకు పేజీలు కూర్చేదాన్ని. వేళ్ల సైగలు అర్థం చేసుకునే ల్యాప్‌టాప్‌లు అప్పుడప్పుడే వస్తున్నాయి, నేనూ ఒకటి కొనుక్కున్నాను. రెండు వేళ్లు జరిపితే పేజీ కదిలేది, రెండు వేళ్లు విడదీస్తే బొమ్మ పెద్దదయ్యేది, మూడు వేళ్లు పక్కకు లాగితే తరవాతి బొమ్మ వచ్చేది. అది చేతికి ఎంతగా అలవాటైందంటే, నా మౌస్ తీసి అంగడి కంప్యూటర్‌కు ఇచ్చేశాను. నాన్న మాత్రం గుమ్మంలో నిలబడి, "పొద్దస్తమానం ఏందిమా ఆ గీకుడు? వచ్చి బిల్లులు రాస్తే అన్నకు సాయంగా ఉంటాది గదా" అనేవాడు.

అలాంటప్పుడు బొంబాయిలో పిల్లల పుస్తకాలు వేసేవాళ్లు నాకొక పరీక్ష పెట్టారు. ఒక బొమ్మల కథకు పేజీలు కూర్చి పంపాలి. నచ్చితే ఇంట్లోంచే ఏడాది పొడుగునా పని. నచ్చకపోతే ఈ పని మానేసి బిల్లుల బల్ల దగ్గర కూర్చుంటానని నాన్నకు మాటిచ్చాను. గడువు సరిగ్గా సరస్వతి పూజ నాటి సాయంత్రం. మా పూజ సంగతి బొంబాయి వాళ్లకేం తెలుసు!

ఆ పొద్దున తలంటు పోసుకుని వచ్చేసరికి బల్ల మీద ల్యాప్‌టాప్ లేదు. పూజ దగ్గర ఉంది. అంగడి తరాజు, బిల్లు పుస్తకాలు, అమ్మ కత్తెర, వాటి పక్కన నా ల్యాప్‌టాప్, నోరు తెరుచుకుని. మూత మీద విబూది పెడితే మెరుగు పోతుందనుకున్నాడేమో, దాన్ని తెరిచి, నున్నగా ఖాళీగా కనిపించిన టచ్‌ప్యాడ్ మీద తడి విబూదితో మూడు వేళ్లూ ఆనించి అడ్డంగా లాగాడు నాన్న. మధ్యలో కుంకుమ బొట్టు. నేను రోజూ చేసే సైగే. నేను చేస్తే గీకుడు, ఆయన చేస్తే పూజ.

"పూజలో పెట్టింది రేపు పొద్దునదాకా తియ్యకూడదు పాపా" అని అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. తీశాను. మెత్తటి గుడ్డతో తుడిచాను. అప్పటికే తడి అంచుల్లోంచి లోపలికి దిగినట్టుంది. తెర మీద బాణం వణుకుతూ ఒక మూల నుంచి ఇంకో మూలకు దూకింది. పేజీ కదిలిద్దామని రెండు వేళ్లు పెడితే బొమ్మ ఉబ్బి తెరంతా నిండింది.

"నాయినా, మౌస్ కావాల. అంగడి తెరువు."

"పూజ చేసి మూసిన అంగడి రేపే తెరిచేది. ఒక దినానికి ఏం మునిగిపోతాది?"

"నా పని మునిగిపోతాది. నన్నడక్కుండా దాన్ని ఎందుకు ముట్టుకుంటివి?"

"మంచికే గదా పెట్టింది" అంటూ తాళంచెవి నడుముకు దోపుకుని వెళ్లి పడుకున్నాడు.

కోపం నషాళానికి అంటింది. బయట కొందామంటే పండగ పూట వీధి వీధంతా మూతే. పళ్లు నూరుకుంటూ, వణికే బాణంతో ఒక్కో బొమ్మనూ అంగుళం అంగుళం తోశాను. పెట్టిన చోట ఒక్కటీ నిలవలేదు. అమ్మ తెచ్చిన శనగల సుండల్ గిన్నె అలాగే చల్లారిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, దానికి ఇంకా కోపం వచ్చింది.

నాలుగింటికి ముందుగదిలో షట్టర్ లేచిన చప్పుడైంది. పరుగెత్తుకుని వెళ్లాను. బాహూరు నుంచి పాత ఖాతాదారు ఒకాయన బండి వేసుకుని వచ్చాడు. అన్న ఆ బండి మీదికి యూరియా మూట ఎత్తుతున్నాడు. తాళంచెవి నాన్న చేతిలో ఉంది. నేను ఏమీ అడగకముందే నాన్నే అన్నాడు: "నాట్లు వేస్తా ఉండారమ్మా. పూజ అంటే పంట ఆగతాదా?"

నేను నేరుగా లోపలికి వెళ్లాను. అంగడి కంప్యూటర్ వెనక్కి చెయ్యి పోనిచ్చి, కుంకుమ బొట్టుతో సహా మౌస్ పీకాను.

"నాదీ ఆగదు నాయినా" అన్నాను. బాహూరాయన నేల చూపులు చూశాడు. నాన్న పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

చీకటి పడేలోపు పేజీలు వెళ్లిపోయాయి. పని నాకే వచ్చింది. బిల్లుల బల్ల దగ్గర నేనెప్పుడూ కూర్చోలేదు.

మళ్లీ ఏడాది పూజనాడు నాన్న విబూది గిన్నెతో నా గుమ్మంలో నిలబడ్డాడు, లోపలికి రాకుండా.

"నీకు పనుంటే చెప్పు, తరవాతే పెడతా. దీనికి యాడ పెట్టాలమ్మా?"

మూత మీద చూపించాను. జాగ్రత్తగా మూడు వేళ్లతో గీసి వెళ్లాడు. అడిగినందుకు నా కోపం తగ్గలేదు. అడగడం ఆయనకు చాతనవునని తెలిసి ఇంకా పెరిగింది.