తెలుసండీ!

కంప్యూటర్లో సీడీ పెట్టి అరడజను సార్లు ఎంటర్ నొక్కగలిగినవాణ్ణి జనం డాక్టరుగారంత మర్యాదగా చూసిన రోజులు కొన్ని ఉండేవి. రెండు వేల సంవత్సరం దాటిన ఆ మొదటి ఏళ్లలో నేను తెనాలిలో ఒక కంప్యూటర్ల షాపులో రిపేర్లు చేసేవాణ్ణి. ఇరవై రెండేళ్ల వయసు, చొక్కా జేబులో స్క్రూడ్రైవరు (అవసరం ఉన్నా లేకపోయినా బయటికి కనబడేలాగే పెట్టుకునేవాణ్ణి), నోట్లో ఎప్పుడూ ఒకటే మాట: "తెలుసండీ". అది బాపట్ల హైస్కూల్లో అంటుకున్న జబ్బు. మా తెలుగు మాస్టారు ఏం చెప్పబోయినా ముందే "తెలుసండీ" అనేవాణ్ణి. ఆయన చాక్‌పీసు ఆపి "అయితే నువ్వొచ్చి చెప్పరా" అనేవారు. నేను లేచి బుర్ర గోక్కునేవాణ్ణి. చివరికి హాజరు పిలిచేటప్పుడు కూడా నా పేరు మానేసి "తెలుసండీ వచ్చాడా?" అనడం మొదలుపెట్టారు.

ఆ మాస్టారే రిటైరై రేపల్లెలో స్థిరపడ్డాక ఒకరోజు కబురు పెడితే పొద్దున్నే రైలెక్కి వెళ్లాను. ఆయన కంప్యూటర్లో పాత విండోస్ ఒకటి, కొత్తది ఒకటి ఉండేవి. ఆన్ చేయగానే ఏది కావాలని అడిగేది. కొత్తది ఫొటోల కోసం అల్లుడుగారు వేయించినది. మాస్టారు వాడే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేరు మాత్రం పాతదాంట్లోనే పనిచేసేది, ఇప్పుడా పాతది తెరుచుకోవడం మానేసింది. ఇంతకీ ఆయన టైపు చేస్తున్నది ఏమిటంటే, తన దగ్గర చదువుకున్న పిల్లల్లో గుర్తున్న ప్రతివాడి గురించీ ఒక పేజీ. ఒక్క వేలితో, రెండేళ్లుగా. నాలుగు వందల పేజీలు దాటాయట. నోటుబుక్కులో పేర్లన్నీ వరసగా ఉన్నాయి, పేజీ పూర్తయిన పేరు పక్కన ఎర్రసిరా టిక్కు. నా పేరు వెతుక్కున్నాను. టిక్కు ఉంది!

"నా గురించి ఏం రాశారండీ?"

"ముందు పని కానీరా. తర్వాత నువ్వే చదువుకుందువు గాని."

కొత్త విండోస్‌లోకి వెళ్లి చూశాను. హార్డ్‌డిస్కు మూడు భాగాలుగా ఉంది. సి లో పాత విండోస్, డి లో కొత్తది, ఇ లో మాస్టారి పేజీలు. పాతదొక్కటే బాగుచేస్తే సరిపోయేది. కానీ తెనాలి నుంచి అంత దూరం వెళ్లినవాణ్ణి, ఒక్కదానితో సరిపెడితే పరువేం కాను? రెండూ చెరిపేసి శుభ్రంగా మళ్లీ వేస్తానన్నాను. సి, డి చెరపాలి, ఇ జోలికి పోకూడదు. అంతే కదా.

"ఒరేయ్, ఇందులో అది ఇ యే గానీ, పాతదాంట్లోకి వెళ్తే..."

"తెలుసండీ."

"అది కాదురా, నేను రోజూ టైపు చేసేటప్పుడు..."

"తెలుసండీ, మీరు కంగారుపడకండి."

మాస్టారి భార్య మజ్జిగ గ్లాసు నా చేతికిస్తూ "పిల్లాణ్ణి పని చేసుకోనివ్వండి" అన్నారు. (తప్పులో కొంత ఆవిడ మీదికి నెట్టాలని చాలా ఏళ్లు ప్రయత్నించాను. కుదరలేదు.) పాత విండోస్ ఫ్లాపీ పెట్టి సి చెరిపాను. డి చెరపమంటే, అందులో ఉన్నదంతా పోతుంది, సరేనా అని నల్ల తెర మీద అడిగింది.

"ఏదో అడుగుతోందేంటిరా?" అన్నారు మాస్టారు.

"అందరినీ అలాగే అడుగుతుందండీ" అని నొక్కేశాను.

మధ్యాహ్నానికి పాత విండోస్ లేచింది, టైపింగ్ సాఫ్ట్‌వేరు కూడా ఎక్కింది. "ఏదీ, ముందు నీ పేజీయే తియ్యి" అన్నారు మాస్టారు కుర్చీ దగ్గరికి లాక్కుని. ఇ నొక్కితే విండోస్ వేయడానికి నేను పెట్టిన సీడీ తెరుచుకుంది. డి నొక్కాను. ఖాళీ. మాస్టారు ఇందాక నేను ఆపిన చోటి నుంచే మాట పూర్తి చేశారు.

"పాతదాంట్లోకి వెళ్తే ఆ ఇ యే డి అవుతుందిరా. కొత్తది ఉన్న భాగం దీనికి కనబడదు, అందుకని అక్షరం ఒకటి ముందుకి జరుగుతుంది."

తిడితే బాగుండేది. ఆయన లేచి కాళ్లు కడుక్కొచ్చి "రా, అన్నం తిందాం" అన్నారు. కంప్యూటర్ తెనాలి మోసుకెళ్లి మా ఓనరు చేత వెతికిస్తే కొన్ని పేజీల పేర్లు దొరికాయి, తెరిస్తే లోపలంతా పిచ్చిగీతలు. నాది ఆ పేర్లలో కూడా లేదు.

తర్వాత ప్రతి ఆదివారం రేపల్లె వెళ్లేవాణ్ణి. ఆయన చెబుతుంటే నేను టైపు చేసేవాణ్ణి, నోరు మూసుకుని. ఒక్కోసారి టిక్కు ఉన్న పేరు చూసి "వీడెవడురా?" అని నన్నే అడిగేవారు. రెండేళ్ల కిందట ఆయనకి పేజీ నిండా గుర్తున్న మనిషి, నా వల్ల ఒట్టి పేరుగా మిగిలాడు. అలాంటి పేరు వచ్చిన ప్రతిసారీ సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి. మా బ్యాచి వంతు వచ్చేసరికి ఏడాది పైనే పట్టింది. నా పేరు మీద వేలు పెట్టి ఆయన నా వైపు తిరిగారు.

"నీ గురించి మంచే రాశానురా. ఆ సంగతి బాగా గుర్తుంది. ఏం మంచి రాశానో గుర్తు రావట్లేదు. ఏమై ఉంటుందంటావ్?"

"తెలీదండీ" అన్నాను.

మాస్టారు పడీపడీ నవ్వారు, కళ్లజోడు తీసి తుడుచుకునేంతగా. ఆ మాట కోసం బాపట్లలో ఎన్నేళ్లు ఎదురుచూశారో పాపం. కొత్తగా ఏదో ఒకటి కల్పించి రాయడానికి మాత్రం ఆయన ఒప్పుకోలేదు, నేనూ అడగలేదు. నా పేజీ మీద పేరొక్కటే ఉంటుంది. ఇప్పటికీ ఎవరైనా ఏదైనా చెప్పబోతే ఆఖరిదాకా వింటాను, మా ఆవిడ నాకు చెవుడేమోనని అనుమానపడేంత ఓపికగా. జేబులో స్క్రూడ్రైవరుతో రైలు దిగిన ఆ కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. వాడిలో మాస్టారికి కనబడిన ఆ మంచేమిటో నేనూ ఒకసారి చదివి ఉంటే బాగుండేది.