అక్క కోసం వేసిన లైట్లు

మా అపార్టుమెంటు వెనకాల పారే మురిక్కాలవను ఇక్కడ అందరూ నాలా అంటారు. మా అక్క ఒక్కతే వంక అనేది. మా కడప వైపు మాట అది. ఇంత కంపు కొట్టేదాన్ని వంక అంటే మనూరి వంకలు ఏడుస్తాయి అని దెప్పేదాన్ని. నాకు నోరెక్కువ, అక్కకు ఓపిక ఎక్కువ. మదీనాగూడ ఫ్లాట్‌లో ఉండేది మేమిద్దరమే. పెళ్లి పెటాకులయ్యి తను నా దగ్గరికొచ్చింది, నేను పెళ్లి జోలికే పోలేదు.

రోహిణి ఎండలకు మాడి మాడి, మృగశిర ముందర నాలుగు చినుకులు పడినాయంటే చాలు, నాలా గట్టున గడ్డిలో మిణుగురులు లేచేవి. ఆ పక్క ప్లాటు ఏదో కోర్టు కేసులో పడి ఎవరూ కట్టలేదు కాబట్టి మిగిలినాయి పాపం. మాదాపూర్‌లో నేను ఆఫీసు నుంచి బయట పడకముందే అక్క ఫోన్: క్యాబ్ ఎక్కినావా లేదా, పొద్దు గూకుతాంది అని. సణుక్కుంటానే వచ్చి, బ్యాగు భుజాన ఉండగానే తన వెంట వెనక గేటు దాటేదాన్ని. గట్టు మీద కూర్చుంటే అక్కకు ఇంకేదీ పట్టేది కాదు. చూసేది, అంతే. మొగుడూ విడాకుల కోర్టూ అన్నీ మరిచిపోయిన మొహం అది. నేను ఫోన్ తీస్తే మోచేత్తో పొడిచేది.

తర్వాత అక్కకు క్యాన్సర్ వచ్చింది. కీమోలన్నీ అయ్యి, ఇంక ఇంటికి తీసుకుపోయి బాగా చూసుకోండి అని డాక్టరు చెప్పిన రోజు కూడా తను ఏడవలేదు. నన్ను ఒకటే అడిగింది.

"ఈసారి కూడా మిణుగురుల్ని చూడాల మే. ఒక్కసారి కిందికి తీసుకుపో."

ఆ ఏడు వానలు ఆలస్యం చేసినాయి. అక్క రోజురోజుకూ కరిగిపోతాంటే ఆకాశాన్ని నోటికొచ్చినట్టు తిట్టుకున్నా. వెనక గేటుకు కుక్కల భయంతో తాళం వేసేసినారు. సొసైటీ ప్రెసిడెంటు దగ్గరికి పోయి, సంగతి చెప్పి తాళంచెవి అడిగినా. రిటైరైన పెద్దాయన, కండ్లల్లో నీళ్లు పెట్టుకున్నాడు. ఫికర్ చెయ్యకు బిడ్డా, అంతా మేం చూసుకుంటం అన్నాడు. ఎంత మంచివాళ్లో అనుకున్నా.

వాన పడిన మర్నాడు, ఈ పొద్దే వస్తామని పొద్దున్నే పెద్దాయనకు చెప్పి, సాయంత్రం మసక పడేటప్పుడు అక్కను వీల్‌చైర్‌లో కిందికి దించినా. గేటు దగ్గరికి పోతూనే నా కాళ్లు ఆగిపోయినాయి.

వీల్‌చైర్ చక్రం ఎక్కడ రాయికి తగులుతుందోనని దారి పొడుగునా ఫోకస్ లైట్లు కట్టినారు. పాములుంటాయని గట్టు మీద గడ్డంతా మొదలంటా కోయించినారు. అసలే చిక్కిపోయిన ఒంటికి దోమ కుడితే తట్టుకోలేదని మధ్యాహ్నమంతా మందు పొగ కొట్టించినారు. అదింకా గొంతు పట్టుకుంటానే ఉంది. సగం అపార్టుమెంటు కుర్చీలేసుకుని ఎదురుచూస్తాంది. గోదావరి జిల్లా ఆవిడ పులిహోర చేసి తెచ్చి, అక్కగారికి రెండు ముద్దలైనా పెట్టండి అంటాంది. పట్టపగలు మాదిరి వెలుతురు. ఒక్క పురుగు లేదు.

ఒళ్లు మండిపోయింది నాకు. మీకు బుద్ధుందా అనే మాట నాలుక చివరికొచ్చేసింది. అంతలో అక్క నా చెయ్యి పట్టుకుంది. ఆ వేళ్లలో బలం ఎక్కడుంది, అయినా ఆగిపోయినా.

పెద్దాయన వంగి అడిగినాడు. "మా ముసలి కండ్లకు ఆనుతలేవు గని, నీకు కనవడ్డయా బిడ్డా?"

గడ్డి కోసేసి బోడిగా ఉన్న ఆ గట్టు వైపు అక్క చాలాసేపు చూసింది.

"కనపడినాయి సార్. చానా ఉండాయి."

అందరి మొహాలూ విప్పారినాయి. పులిహోర తెచ్చినావిడ కొంగుతో కండ్లు ఒత్తుకుంది.

లిఫ్టులో నేను వెక్కి వెక్కి ఏడ్చినా. రేపు లైట్లన్నీ తీయించేస్తా, మళ్లీ పోదాం అన్నా. సరే అంది అక్క. మళ్లీ తనే, "వాళ్లతో ఏమీ అనొద్దు మే. నా కోసమే కదా చేసింది" అంది. ఆ తర్వాత తను మంచం దిగనే లేదు. ఆ వారం దాటలేదు.

అప్పటినుంచి ప్రతి మృగశిరకూ మా అపార్టుమెంటువాళ్లు అక్క గుర్తుగా ఆ లైట్లు వేస్తారు, గడ్డి కోయిస్తారు, కుర్చీలు వేసి నన్ను పిలుస్తారు. ఆ రోజు నీ అక్క మొకం ఎంత సంతోషంగ ఉండె అంటాడు పెద్దాయన. అవును సార్ అంటాను. ఎవరి మాటా పడని నేను, గుండె కోస్తాంటే కూడా అవును సార్ అంటాను.

ఒక్క మాట చెప్తే చాలు, లైట్లు తీసేస్తారు. గడ్డి మొలుస్తుంది. ఏమో, మిణుగురులు మళ్లీ వస్తాయేమో కూడా. కానీ మా అక్క ఆ రోజు ఏమీ చూడకుండానే పోయిందని వాళ్లకు తెలిసిపోతుంది.