ధర్మవరానికి రెండో దావ

2024 ఆగస్టు 6, మంగళవారం, మధ్యాహ్నం 2 గంటల 17 నిమిషాలకు ధర్మవరం పోయింది.

ఊరు పోయిందని మేమంటే ఆ ఊరికి ఇంటర్నెట్ ఆగిపోయిందని అర్థం. హిందూపురంలో మా ఆఫీసు గోడకున్న తెర మీద పెనుకొండ నుంచి ధర్మవరానికి రెండు పచ్చగీతలు కనబడేవి. ఒకటి తార్రోడ్డు వెంట వెళ్ళే ఫైబరు తీగ. రెండోది, మేము రెండో దావ అనే రెండో దారి, పల్లెల మీదుగా, పొలాల గట్ల వెంట వెళ్ళేది. ఆ మధ్యాహ్నం రెండూ ఒకే నిమిషంలో ఎర్రబడ్డాయి. నేను మజ్జిగన్నం తింటున్నాను. కుడిచెయ్యి ఎంగిలి కాబట్టి ఎడమచేత్తో టైము రాసుకున్నాను.

ఒక తీగ తెగడం మామూలే. ఎలుక కొరుకుతుంది, టిప్పరు తగులుతుంది, గాలికి చెట్టు కూలుతుంది. రెండో దావ వేయించుకున్నదే అందుకు. మధ్యలో ఎనిమిది తొమ్మిది కిలోమీటర్ల ఎడంతో నడిచే రెండు తీగలు ఒకే నిమిషంలో తెగడానికి నాకు కారణం తట్టలేదు.

నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై మూడేళ్ళు పనిచేసి 2012లో రిటైరయ్యాను. ధర్మవరంలో కేబుల్ టీవీ నడుపుకుంటున్న మా తమ్ముడు, మరుసటి ఏడు, "టీవీకి కాలం చెల్లిందక్కా, ఇద్దరం కలిసి నెట్టు పెడదాం" అన్నాడు. అలా మొదలైంది. ఆగస్టు 6 నాటికి హిందూపురంలో 1,106 కనెక్షన్లు, పెనుకొండలో 384, ధర్మవరంలో 638. పనివాళ్ళు తొమ్మిది మంది. బెంగళూరు నుంచి మేము కొనుక్కునే లింకు రెండు వేల పైచిలుకు ఇళ్ళకు సరిపోయేది. అందులో సగం కొంటామంటే ఇవ్వరు. ధర్మవరం నాలుగు వందల కిందికి పడితే మిగతా రెండూళ్ళు ఆ లింకును మోయలేవని నాకు మొదటి నుంచీ తెలుసు. ఆ నాలుగు వందలు అన్న అంకె నా బల్ల అద్దం కింద రాసి పెట్టుకున్నాను.

జాగ్రత్తల్లో నేను ఏ లోటూ చెయ్యలేదనుకునేదాన్ని. స్తంభాల మీద ప్రతి పెట్టెకూ తాళం, ప్రతి తాళానికీ నంబరు. యంత్రాల పాస్‌వర్డులు ప్రతి నెలా ఒకటో తేదీన నేనే మార్చేదాన్ని. వాడుకదారుల పేర్లు, నంబర్లు నేను, తమ్ముడు, మా లైన్‌మన్ తప్ప ఎవరూ చూడకూడదు. ఆ ఒకటో తేదీనే పెనుకొండ నుంచి ఒక్కొక్క తీగలోకి వెలుతురు పంపి, యంత్రం చూపిన అంకెలు పుస్తకంలో ఎక్కించేవాళ్ళం. తీగ పొడవెంత, దారిలో వెలుతురు ఎంత తగ్గింది, గత నెలకూ ఈ నెలకూ తేడా ఏమైనా ఉందా. రెండో దావ 2021 జూలైలో పూర్తయింది. అప్పటినుంచి ఆ పుస్తకంలో ఒక్క నెల కూడా ఖాళీ లేదు.

తమ్ముడికి ఫోన్ చేశాను.

"అక్కా, ఈడ మొత్తం పోయింది. ఫోన్ల మీద ఫోన్లు."

"రెండో దావ ఏమైంది?"

అటువైపు ఇంకో ఫోన్లో ఎవరికో "వస్తాది, వస్తాది" అని చెబుతున్నాడు.

"వింటాండావా లేదా?"

"వింటాండా. నువ్వు పెనుకొండకు రా. ఆడ మాట్లాడుకుందాం."

ఆఫీసు వ్యానులో పెనుకొండ చేరేసరికి నాలుగు గంటల ఐదు నిమిషాలు. అక్కడ తమ్ముణ్ణి, మా లైన్‌మన్‌ను ఎక్కించుకుని ధర్మవరం రోడ్డు పట్టాం. లైన్‌మన్ రొళ్ళ వైపు మనిషి, తమ్ముడి దగ్గర డిష్ కేబుళ్ళ నాటి నుంచీ ఉన్నవాడు, యాభై దాటింది. ఎప్పుడూ ఏదో ఒకటి మాట్లాడేవాడు. ఆ రోజు దారి పొడవునా కిటికీలోంచి బయటికే చూశాడు.

పద్నాలుగో కిలోమీటరు దగ్గర రోడ్డు వెడల్పు చేస్తున్నారు. మట్టి తవ్వే యంత్రం మా స్తంభాలను వరుసగా పడేసింది. నడుస్తూ లెక్కపెట్టాను. ఇరవై మూడు. మట్టిలో నల్లతీగ తెగి పడి ఉంది. దాని పక్కనే ఇంకో నల్లతీగ. రెంటినీ కలిపి మూరకొక కట్టు వేసి ఉంది.

"ఇదేంది?" అన్నాను.

లైన్‌మన్ నా మొహం చూడలేదు. "రెండూ ఈడే ఉండాయమ్మా."

"రెండోది ఈడికెప్పుడొచ్చింది?"

"మొదటి నుంచీ ఈడే ఉండాది. పొలాల్లో మూడు కిలోమీటర్లు లాగినాం. ఆ పైన ఆ ఊరోళ్ళు స్తంభాలు నాటనీలేదు. సెనక్కాయ ఇత్తే టైము. గట్టు మీద గడ్డపార పెడితే కాళ్ళు ఇరగ్గొడతామన్యారు. సరే అని రోడ్డుకే తిప్పుకున్యాం."

"నాకెందుకు చెప్పలేదు?"

అతను తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు ఒక మట్టిగడ్డను చెప్పుతో నలుపుతూ చెప్పాడు. "చెప్తే నువ్వు ఊరుకుంటావా? హిందూపురంలో తీగకు ఒక్క నంబరు చీటీ తప్పు కట్టినారని పదకొండు పెట్టెలు ఇప్పిచ్చినావు. ఇది తెలిస్తే అంతా పీకిచ్చి మళ్ళా మొదటి నుంచి ఏపిస్తావని..."

"ఏపిచ్చేదాన్నే."

"అదే కదా నేను చెప్తాండేది."

యంత్రం నడిపే మనిషి ఇంజను ఆపి మా మాటలు వింటున్నాడు. "ఏమవ్వా, నీదేనా ఈ దారం? కనపల్యా. మా యింటికాడ బట్టలారేసే తీగ దీనికంటే లావుంటాది" అన్నాడు.

హిందూపురానికి తిరిగొచ్చాక పుస్తకం తీశాను. మొదటి పేజీలో నేను గీసిన పటం ఉంది. రోడ్డు దావ 41 కిలోమీటర్ల చిల్లర, పొలాల దావ 52న్నర. లోపలి పేజీల్లో ప్రతి ఒకటో తేదీకీ యంత్రం చూపిన పొడవులు, నా దస్తూరీతో. మొదటి తీగ 41,180 మీటర్లు. రెండో తీగ 41,640 మీటర్లు. 2021 ఆగస్టు నుంచి 2024 ఆగస్టు దాకా ముప్పై ఏడు సార్లు. అంకె మారలేదు కాబట్టి ప్రతిసారీ పక్కన టిక్కు పెట్టాను. గత నెల అంకెతోనే పోల్చాను తప్ప పటంలో ఉన్న అంకెతో ఒక్కసారీ పోల్చలేదు. వాళ్ళు నాకు చెప్పనిది ఆ యంత్రం నెలనెలా చెబుతూనే ఉంది.

మరుసటి రోజు స్తంభాలు తిరిగి నాటబోతే కాంట్రాక్టరు సూపర్‌వైజరు అడ్డం వచ్చాడు. అనుమతి కాగితం చూపించమన్నాడు. చూపించాను. అతను నిదానంగా చదివాడు.

"ఇందులో ఒక్క తీగకే పర్మిషనుండాది. ఈడ రెండు పడుండాయి. ఇంగోటి ఎవురిదమ్మా?"

నాదేనన్నాను. అబద్ధం చెప్పడానికి కూడా వీలు లేదు, రెండింటి మీదా మా గుర్తు ఉంది. ఆ కాగితం నేనే రాయించింది, ఒక్క తీగ అన్న మాట కింద నేనే గీత గీయించింది. కొత్త అనుమతి రోడ్డు పని అయ్యాకే అన్నారు. అప్పటిదాకా తీగను కంపచెట్ల మీద, కంచెల మీద పరుచుకుంటూ పోవాల్సి వచ్చింది. తొమ్మిదో తేదీ శుక్రవారం సాయంత్రం 6 గంటల 5 నిమిషాలకు ధర్మవరం వచ్చింది. పదకొండున ఉదయం 11:30కు టిప్పరు మట్టి పోసి తెంపింది. పదమూడున సాయంత్రం నాలుగుకు మళ్ళీ వచ్చింది. పదిహేనున ఉదయం 9:10కి మళ్ళీ పోయింది.

అది శ్రావణ మాసం. పదహారో తేదీ వరలక్ష్మీ వ్రతం. ధర్మవరంలో ఏడాది పొడుగునా నేసిన చీరల్లో ఎన్నో ఆ రెండు వారాల్లోనే చెయ్యి మారతాయి. ఇప్పుడు కొనేవాళ్ళు ఊరికి రారు. నేసినవాళ్ళు ఇంట్లో ట్యూబ్‌లైటు కింద చీర పరిచి, కొంగు, అంచు, లోపలి జరీ ఫోన్లో చూపించాలి. ఆ ఇరుకు సందుల్లో సెల్ సిగ్నలు వీడియోకు చాలదు. మధ్యలో బొమ్మ ఆగితే అవతలివాళ్ళు ఇంకొకరికి ఫోన్ చేస్తారు. అంతే.

ధర్మవరంలో మా మొట్టమొదటి కనెక్షన్ ఒక నేతగత్తె ఇంట్లో పెట్టాం. రెండు మగ్గాలు, భర్త, తను. మా తమ్ముడి ఆఫీసుకు నాలుగిళ్ళ అవతల. ఎనిమిదో తేదీన ఆఫీసు మెట్ల మీద నిలబడి అందరికీ వినబడేలా అంది, "ఏమక్కా, మీ నెట్టు గూడా వరలక్ష్మికి ఉపాసముంటాండాదా? రోంత టిఫినన్నా పెట్టండి దానికి, పాపం." ఆమె తిట్టనందుకు నాకు ధైర్యం వచ్చింది. సాయంత్రానికల్లా వస్తుందని మాటిచ్చాను. రాలేదు.

ఆ ఊళ్ళోనే ఇంకొక నెట్టు వ్యాపారి ఉన్నాడు. అతని తీగ అనంతపురం వైపు నుంచి వస్తుంది. పదిహేనున అతనే తమ్ముడి ఆఫీసుకు వచ్చాడు.

"గంటలో నా లింకు మీకిస్తానక్కా. మీ కనెక్షన్ల లిస్టు, పెట్టెల తాళాలు నా చేతికియ్యి, చాలు."

"తాళాలిచ్చినాక మాకేం మిగులుతాది?"

"పేరు మిగులుతాది గదక్కా. బోర్డు మేం పీకంలే."

తమ్ముడు నన్ను పక్కకు పిలిచాడు. "ఇచ్చేద్దామక్కా. రేపు పండగ. లిస్టు పోతే పోయింది, మనుషులు నిలబడతారు."

ఆ ఆరు వందల ఇళ్ళవాళ్ళు తమ పేర్లు, నంబర్లు మాకిచ్చారు, అతనికి కాదు. అదే చెప్పాను. ఒక పూట గడువడిగి, సాయంత్రం వద్దన్నాను. తమ్ముడు లేచి వెళ్ళి బయట బండి మీద కూర్చున్నాడు. ఆ జవాబు తప్పో ఒప్పో నేను ఈనాటికీ తేల్చుకోలేదు. ఇచ్చి ఉంటే ఏమయ్యేదో లెక్క కట్టడానికి నా దగ్గర అంకెలు లేవు.

పదిహేడో తేదీ శనివారం ఉదయం ఆ నేతగత్తె మోడెమును చీర అట్టపెట్టెలో పెట్టుకుని తెచ్చింది. వైరు కూడా చుట్టచుట్టి రబ్బరు బ్యాండు వేసింది. నేను తీసుకోకుండా కుర్చీ చూపించాను. కూర్చోలేదు.

"నీ మీద కోపం లేదక్కా. పన్నెండు చీరలు చూపియ్యాల్సింటే మూడే చూపిచ్చినా. ఇంగ మిగిలినేటివి కార్తీకానికి అమ్ముడుపోతాయో లేదో. మా ఆయన మగ్గం దిగి రెండ్రోజులాయ."

"బుధవారానికల్లా వస్తాది. ఇంగ తెగదు."

"రెండు దావలుండాయి, ఒకటి పోతే ఇంగోటి అని నువ్వే గదక్కా చెప్పినావు? ఆ మాట నమ్మే గదా మేము వేరేది పెట్టుకోలే."

చెప్పాను. 2021లో ఆమె ఇంటి గడపలోనే నిలబడి చెప్పాను. పటం కూడా చూపించాను. రసీదు రాసిచ్చాను. మోడెము ఒకటి, వైరు ఒకటి, మంచి స్థితిలో ముట్టినవి. ఆమె దాన్ని మడిచి రవికెలో పెట్టుకుని వెళ్ళింది. ఆ రోజు మధ్యాహ్నంలోగా మోడెములు ఇరవై తొమ్మిది వచ్చాయి.

ఇరవై ఒకటో తేదీ బుధవారం మధ్యాహ్నం 1:10కి లింకు వచ్చి నిలబడింది. మళ్ళీ తెగలేదు. అప్పటికి దానితో పని ఉన్నవాళ్ళు తక్కువ. సెప్టెంబరు 30న ధర్మవరంలో మిగిలిన కనెక్షన్లు 211; బల్ల అద్దం కింది అంకె నాలుగు వందలు.

ఎక్స్ఛేంజి రోజుల నుంచీ నాకొక పద్ధతి ఉంది. ఫాల్టు పుస్తకంలో కారణం అన్న గడి నింపి, బాధ్యుడు సంతకం చేస్తేగానీ ఆ ఫాల్టు మూసినట్టు కాదు. నవంబరు 30న ధర్మవరం ఆఫీసు ఖాళీ చేస్తున్నాం. తమ్ముడు యంత్రాల వైర్లు పీకుతున్నాడు. పుస్తకం అతని ముందు పెట్టి, రెండో దావ రోడ్డు మీదనే వేసి పొలాల మీద వేసినట్టు చెప్పడమే కారణమని రాసి సంతకం చెయ్యమన్నాను.

"ఇంగా మూయాలనా దీన్ని? ఊరే మూసేస్తాండాం గదక్కా."

"కారణం రాయకుండా ఎట్ల వదిలేది?"

"రాసుకో. అక్కకు నిజం చెప్పాలంటే భయమేసింది అని రాసుకో. అరవయ్యేండ్లు పైబడినోణ్ణి, తప్పుల కింద నువ్వు గీసే ఎర్రసిరా చూస్తే నాకు ఈ పొద్దుకీ పలక దాచుకోవాలనిపిస్తాది. అదే కారణం. ఆ గడిలో పడతాదా?"

చేతిలోని స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. తర్వాత ఆ గడి నేనే నింపాను. రెండు తీగలూ ఒకే స్తంభాల మీద ఉన్నవి. పుస్తకంలో ముప్పై ఏడు సార్లు కనబడినా చూడలేదు. అని రాసి నా సంతకం చేశాను. దాన్ని అతనికి చూపిద్దామని మూడుసార్లు ధర్మవరం వెళ్ళాను, డిసెంబరు 8, డిసెంబరు 22, జనవరి 12. మూడుసార్లూ మరదలే తలుపు తీసింది. మంచినీళ్ళిచ్చింది, ఆయన ఇంట్లో లేడంది. చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి.

బెంగళూరు లింకు ఖర్చు మోయలేక పెనుకొండ జనవరి 31న ఆగింది. హిందూపురం కనెక్షన్లను మార్చి 31న వేరేవాళ్ళు తీసుకున్నారు. లైన్‌మన్ ఇప్పుడు వాళ్ళ దగ్గరే చేస్తున్నాడు. మా స్తంభాల మీది పెట్టెలు విప్పడానికి వచ్చింది అతనే. తాళంచెవులు నంబర్ల ప్రకారం అడిగి తీసుకున్నాడు.

లెక్క ఇది.

ధర్మవరం ఆగిన సమయం, మూడు విడతల్లో: 276 గంటల 18 నిమిషాలు.

మా చేతిలోంచి పోయిన కనెక్షన్లు: ధర్మవరం 638, పెనుకొండ 384, హిందూపురం 1,106. మొత్తం 2,128.

పెనుకొండ, ధర్మవరం మధ్య వేసిన తీగ: రెండూ కలిపి 82,820 మీటర్లు. చుట్టి తెచ్చుకోగలిగింది 9,400. పోయింది 73,420.

పని పోయినవాళ్ళు: తొమ్మిది మంది. మళ్ళీ పని దొరికినవాళ్ళు ఐదుగురు. దొరకనివాళ్ళు నలుగురు.

తమ్ముడు: ఒకడు.