మేడమీద పిల్ల కాపలా

మా మేడమీద గదిలో అద్దెకుండే పిల్లది కాపలా ఉద్యోగం. లాఠీ ఉండదు, ఈల ఉండదు. పరాయి దేశపు దొంగలు కంప్యూటర్ల గుండా మన ఆస్పత్రుల్లోకి, కరెంటు ఆఫీసుల్లోకి దూరకుండా చూసే సర్కారు కొలువు. పొద్దున్నే ఫోను ఆఫీసు గుమ్మం దగ్గర అరలో పెట్టి లోపలికి పోయిందంటే, సాయంత్రం దాకా ఉందో లేదో ఎవరికీ తెలీదు.

"ఏం చేశావే ఇవాళ?"

"పనేనండీ మామ్మగారూ."

"నోటికి కూడా తాళం వేశారా మీ సర్కారువాళ్లు?" అంటే నవ్వుతుంది. ఆ నవ్వూ కొలిచి పోసినట్టే ఉంటుంది.

దానికి నా అన్నవాడు అన్నయ్య ఒక్కడే. ఓడలో వంటవాడు. తల్లి పోతే రాలేదని ఇది నానా మాటలూ అంది. వాడు అలిగి మాట మానేశాడు.

పోయిన నెల ఏదో కొత్త నంబరు నుంచి కబురొచ్చింది. "పిచ్చుకా, రేపు మా ఓడ మన రేవుకొస్తోంది. సాయంత్రం గేటు దగ్గరుంటా. అలకలు చాల్లే, రా."

దాన్ని పిచ్చుక అని పిలిచేది వాడొక్కడే. ఇంకొకతైతే చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తేది. ఇది బిగుసుకుపోయింది. పరీక్ష కోసం ఆఫీసువాళ్లే ఇలా అయినవాళ్ల పేర్లతో దొంగ కబుర్లు పంపుతారట. దొంగలూ అంతేనట. పక్క సీటాయన కూతురి పేరు చూసి అలాంటి కబురే నొక్కితే ఓ ఆస్పత్రి కంప్యూటర్లన్నీ మూతపడ్డాయట.

"ఓసారి ఫోన్ చేసి కనుక్కోవే!"

"చెయ్యకూడదండీ. ముందు ఆఫీసుకి చెప్పాలి."

చెప్పింది. తేల్చేదాకా ఆ నంబరు నుంచి ఏమీ రాకుండా మూసెయ్యమన్నారు, రేవుకీ పోవద్దన్నారు. మూసేసింది. రేవుకి పోవాల్సిన సాయంత్రం నా పక్కన మెట్ల మీద కూర్చుని గోళ్లు కొరుక్కుంది.

వాళ్లు తేల్చేసరికి ఓడ వెళ్లిపోయింది. నంబరు అన్నయ్యదే.

"మీ ఆఫీసు తగలెయ్య!" అన్నాను.

"తిట్టకండి. వాళ్ల తప్పు లేదు. నాదీ లేదు," అంటూనే వెక్కివెక్కి ఏడ్చింది.

నిజమే. సర్కారు ఆ కాపలా కాయకపోతే, ఎవడో సముద్రాల అవతల కూర్చుని నాబోటి ముసల్దాని ఊపిరి మిషను ఆపేస్తాడు. కాయాల్సిందే. అందుకని దీని ఏడుపు ఆగుతుందా?

ఆ రోజు నుంచీ తనే వాడికి ఫోన్ చేస్తోంది. అందదు. నిన్న మోగింది. అవతలి గొంతు నాకూ వినబడింది.

"ఎవరు?"

"నేనేరా అన్నయ్యా, పిచ్చుకని."



"పిచ్చుకైతే రేవుకొచ్చేది," అని పెట్టేశాడు.

"మళ్లీ చెయ్యవే," అన్నాను.

"చేస్తానండీ," అంది. ఫోను ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుంది.